ఇసుక పలక

ఓల్డమ్‌లో వాన, ఎప్పట్లాగే పిలవకుండానే వచ్చింది.
బడి మూసేశారు. ఫ్లాట్లు కడతారట.
గదిగదికీ టేపు పట్టి అడుగులు రాసుకోవడం నా ఉద్యోగం.
తాళాల గుత్తి మోగిస్తూ ముందు మేవిస్ సట్‌క్లిఫ్,
ముప్ఫై ఒక్కేళ్లు ఈ నేల తుడిచిన మనిషి.
ఏ చెక్క కిర్రుమంటుందో ఆమె పాదాలు అడగకుండానే తప్పుకుంటాయి.

పడమటి గది: ఇరవై నాలుగు బై పద్దెనిమిది.
కిటికీలు నా తలకన్నా ఎత్తులో మొదలవుతాయి.
"పిల్లలు బయటికి చూడకూడదని అలా కట్టారు" అంది మేవిస్.
"చూస్తే మాత్రం ఏముంది, మిల్లు గొట్టం తప్ప!"

బీరువాలో హెడ్మాస్టరు దినచర్య పుస్తకం,
చెదలు కాదు, చెమ్మ తిన్నది.
రెండు పేజీలు విడదీశానో లేదో
టేపు చేతిలోనే చుట్టుకుపోయింది.

'సోమవారం. విన్‌బెర్రీలు కోయడానికి కొండెక్కారు. హాజరు పంతొమ్మిది.'
'బుధవారం. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎనిమిది మంది లెక్కల్లో తప్పారు.
ఆ ఎనిమిది తప్పులూ నా జీతంలోంచి తీసేస్తారు.'
'శుక్రవారం. కెజాయా క్లెగ్, పదేళ్లు, బల్ల మీద నిద్ర. లేపలేదు.'

లేపలేదు.
అక్కడ సిరా కాస్త అలుక్కుంది.
కప్పు కారి ఉంటుందిలే.

పొద్దున మిల్లు, మధ్యాహ్నం బడి,
మరో వారం అటుది ఇటు.
చట్టం దానికి పేరు కూడా పెట్టింది, సగం పూట పిల్లలని.
సగం పిల్ల దారానికి, సగం పిల్ల అక్షరానికి.
ఆకలి ఏ సగానికో పుస్తకంలో రాయలేదు.

అట్ట లోపల ఎవరో పెన్సిలుతో
మిల్లు సరుకుల పేర్లు గీకారు. ఒకటి: మెడపోలమ్.
సన్నని తెల్లబట్ట.
నోట్లో ఒకసారి తిప్పాను. రెండుసార్లు.
మూడోసారికి గోదారి తగిలింది.
మాధవాయపాలెం!
నరసాపురం పక్కన మా మేనత్త అత్తారివైపు.
ఊరిని ఏరు కొంత కోసుకుపోతే
పేరు ముందే ఓడెక్కి వచ్చి
ఇక్కడ కెజాయా వేళ్ల మధ్య తెగి, మళ్లీ ముడిపడి...

బాయిలరు గదిలో, బొగ్గు గుట్ట వెనక,
అంచులు లేపిన బల్లపరుపు చెక్క పళ్లెం.
"పిల్లి తొట్టి అయ్యుంటుంది, లవ్."
కాదు మేవిస్.
నా అక్షరాభ్యాసం బియ్యంలో అయింది కానీ
మా ముత్తాతది ఇసుకలో. గుంట ఓనమాలు అనేవాళ్లు.
వేలితో గీసి, అరచేత్తో చెరిపి,
పలక కొనక్కర్లేని చదువు.
చెన్నపట్నంలో అనాథల బడి నడిపే ఒక దొర
ఆ ఇసుకనీ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతినీ చూసి
కాయితాల్లో కట్టుకొని సీమకి తెచ్చాడు.
మద్రాసు పద్ధతి అన్నారు ఇక్కడ, చాలా గౌరవంగానే.

గొప్ప చెప్పుకోబోయి ఆగాను.
మా వీధిబడిలో మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు,
రెండోవాడికి సున్నా,
ఆ తర్వాతివాళ్లకి ఒకటి, రెండు, మూడు, బెత్తంతో.
ఆలస్యమైనా దెబ్బలు తినడానికి రానిచ్చేవాళ్లనైనా,
అరుగు ఎక్కనివ్వనివాళ్ల లెక్క ఏ పంతులూ రాయలేదు.
నిద్రపోవడానికైనా కెజాయాకి ఒక బల్ల దొరికింది.

మూలన ఎర్ర బకెట్టులో నిప్పులార్పే ఇసుక.
నేనేం చెప్పకుండానే మేవిస్ పళ్లెంలో ఒంపింది.
'అ' రాశాను. "నత్తలా ఉంది" అంది.
తర్వాత తను, నాలుక పళ్ల మధ్య నొక్కిపట్టి,
వాళ్ల అమ్మమ్మ పేరు రాసింది, సగం.
చోటు చాల్లేదు.
ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం, చెరపడానికి.
ఎవరూ చెరపలేదు.

బాయిలరు గది: పన్నెండు బై తొమ్మిది.
మిగిలిన సామాన్లు అన్న గడిలో
చాలాసేపు పెన్ను ఆపి, రాశాను:
ఇసుక. కొద్దిగా.